అనిత చెప్పిన మాట

అన్యాయం ఎవరికి జరిగింది, ఎట్లా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పిన తర్వాతే మిగిలినది చెప్పడం ధర్మమని నేను నమ్ముతాను. అన్యాయం అనితకు జరిగింది. చేసినవాడు నా సొంత తమ్ముడు రాఘవేందర్. అతడు ఆమెను పల్లెత్తు మాట అనలేదు, జీతం ఆపలేదు, నలుగురిలో చిన్నబుచ్చలేదు. ఆమె మాట్లాడినప్పుడల్లా పక్కన కూర్చున్న జైపాల్ వైపు తిరిగి, "ఏమంటుంది?" అని అడిగాడు. అంతే. ఏళ్ళ తరబడి, ఆదివారం ఆదివారం అడిగాడు. నేను చెప్పబోయే ఎండాకాలంలో ఆ చిన్న ప్రశ్న మా సంస్థను కూల్చింది. మా ఇంట్లో మాటను చంపింది.

మా సంస్థ అంటే అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు పాఠాలు చెప్పే ఒక కోచింగ్ సెంటరు. రాఘవ దాన్ని స్థాపించాడు, నడిపాడు. వాటాదారుగా నా పేరు కూడా ఉంది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఒక బాలికల బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి విరమించాను. మా మరదలు పోయిన తర్వాత అక్కాతమ్ముళ్ళం చిక్కడపల్లిలో ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆదివారం పొద్దున పాఠాలు చెప్పేవాళ్ళందరూ మా ముందుగదిలో చేరేవారు. ఉప్మా, చాయ్ అయిన తర్వాత వారం సంగతులు తేలేవి. రాఘవ పేము కుర్చీలో కూర్చునేవాడు. అతని కుడిపక్క కుర్చీ, పాఠాలు చెప్పేవాళ్ళలో అతనికి దగ్గరివాడైన జైపాల్‌ది. అనిత తలుపు దగ్గర, కూలర్ పక్కన కూర్చునేది. ఎవరూ ఆమెను అక్కడ కూర్చోమని చెప్పలేదు. కాని మిగిలిన కుర్చీలు నిండేటప్పటికి ఎప్పుడూ అదే మిగిలేది.

రాఘవకు గొంతే ప్రాణం. యౌవనంలో అతడు మైకు లేకుండా పెద్ద హాలు నిండా పాఠం చెప్పేవాడు. కోచింగ్ లోకంలో డెమో క్లాసు అనే ఆచారం ఒకటుంది. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు ఎవరైనా ఉచితంగా వచ్చి వినవచ్చు, నచ్చితే చేరతారు. రాఘవ ఆ డెమో జరిగేటప్పుడు హాలు వెనక, చివరి బెంచీ దగ్గర చేతులు కట్టుకొని నిలబడేవాడు. అక్కడికి గొంతు అందితే ఆ మనిషికి పని ఇచ్చేవాడు. "గొంతు లేనోనికి క్లాస్ లేదక్కా. ముందల నిలబడి మాట్లాడలేనోడు మందిని ఏం నడిపిస్తడు?" అనేవాడు. జైపాల్ గొంతు చివరి బెంచీ దాటి మెట్లదాకా వెళ్ళేది. అనిత గొంతు మూడో బెంచీకి చేరేసరికి సన్నబడేది. తన దగ్గరే చదువుకున్న పిల్ల గనుక రాఘవ ఆమెకు ఆ పరీక్ష పెట్టలేదు. ఆమె ఎకానమీ చెప్పేది. ఆమె క్లాసులో పిల్లలు వెనక నుంచి లేచి వచ్చి ముందు బెంచీల్లో ఇరుక్కొని కూర్చునేవారు. ఆ దృశ్యం చూసి కూడా రాఘవ, "చూసినవా, ఎనక బెంచీలు ఖాళీ" అనేవాడు.

మార్చి చివర, ఎండలు ముదరకముందే, నోటిఫికేషన్ రాబోతోందన్న వార్త అశోక్‌నగర్‌ను ఊపేసింది. హాస్టళ్ళు నిండాయి. జిరాక్సు దుకాణాల ముందు పిల్లలు వరుసలు కట్టారు. ఆ ఆదివారం జైపాల్ ఒక ప్రతిపాదన తెచ్చాడు. నారాయణగూడలో రోడ్డు మీదే కొత్త భవనం, మూడు అంతస్తులు, ఏసీ హాళ్ళు, గోడంత తెరలు. పాతది ఖాళీ చేసి మొత్తం అక్కడికి మారాలని అతని కోరిక.

"అన్నా, ఇగ మనం గీ మెట్లెక్కి దిగే అడ్డాల ఉంటే చిన్నగనే ఉంటం. నారాయణగూడల బోర్డు పెడ్తే ఫ్లైఓవర్ మీదికెళ్ళి పోయే ప్రతి మనిషికి కనవడ్తది" అన్నాడు.

రాఘవ కళ్ళు మెరిశాయి. మిగిలినవాళ్ళు తలలూపారు. అప్పుడు తలుపు దగ్గర నుంచి అనిత మాట్లాడింది.

"సార్, పోయినేడు మధ్యల మానేసిన పిల్లల రూములకు పోయి ఒక్కొక్కల్ని అడిగి వచ్చిన. ఏసీ లేదని ఒక్కలు కూడ మానలే. రాసిన జవాబు దిద్ది చెప్పేటోళ్ళు లేరని మానిండ్రు. వాళ్ళకు పొద్దుగాల క్లాసు, ఆడికెళ్ళి చిక్కడపల్లి లైబ్రరీ, పగటీలి మెస్సు. అంత నడక మీదనే నడుస్తది. మనం ఉద్యోగమొచ్చి గోడకెక్కినోళ్ళ ఫోటోలు చూసి నిర్ణయం తీసుకుంటున్నం సార్, పోయినోళ్ళను అడుగుతలేం. పరీక్ష వాయిదా పడ్తే సగం మంది ఊర్లకు పోతరు. అప్పుడు గా బిల్డింగు మనల్ని ముంచుతది."

కూలర్ హోరులో ఆమె మాట నాకు అందింది. రాఘవ కుడివైపు తిరిగాడు.

"ఏమంటుంది?"

జైపాల్ చిరునవ్వు నవ్వాడు. "ఏం లేదన్నా. నారాయణగూడ పిల్లలకు దూరమైతదంట. బస్సు పెడ్దామా అంటుంది."

గదిలో నవ్వులు లేచాయి. రాఘవ కూడా నవ్వాడు, దయగానే. "బస్సెందుకమ్మా, మనదేమన్నా ఇంటర్నేషనల్ స్కూలా?"

నేను ఊరుకోలేదు. "ఆమె అన్నది అది కాదు రాఘవా" అన్నాను. అనిత చెప్పినదంతా, ఒక్క మాట విడవకుండా, తిరిగి చెప్పాను. అతడు ఓపికగా విన్నాడు.

"అదే కదక్కా. దూరమంటుంది, భయమైతుందంటుంది. ఉండనీ, ఆడపిల్ల కదా, జర జాగ్రత్తగనే ఉంటది."

అనిత తన గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

అందరూ వెళ్ళిన తర్వాత గది ఊడుస్తూ మా కురుమమ్మ, "సారుకు జైపాలు సారు ఒక్కడే ఇనవడ్తడు పెద్దమ్మా. నేను ఒర్లితే గోడకు ఒర్లినట్టే. జీతం పెంచుమని గా సారుతోనే చెప్పిస్త ఇగ" అంది. నవ్వడానికి అన్న మాటే. కాని ఆ నిమిషంలోనే వీధి గంట మోగింది. రాఘవ గంటకు ఎదురుగా కూర్చొని పేపరు తిప్పుతున్నాడు, తల ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఎత్తలేదు. నాకు అప్పుడు ఒక సంగతి స్ఫురించింది: ఇందాక మీటింగులో అతడు జైపాల్ ముఖాన్ని కాదు, పెదవులను చూస్తున్నాడు.

నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్లు మమ్మల్ని వేదిక మీద నిలబెట్టి, హాలు చివరనున్న కిటికీకి వినిపించేలా ప్రార్థన చదివించేవారు. ఆ తర్ఫీదు నా గొంతులో ఇప్పటికీ ఉంది. నా మాట అతనికి అందుతూనే ఉంది గనుక, ఇంట్లో ఈ లోపం ఇన్నాళ్ళు దాగింది.

చెవి పరీక్షకు రమ్మంటే అతడు ఒప్పుకోలేదు. "నాకేమన్న చెవుడా? నువ్వు మాట్లాడ్తే జవాబు చెప్తలేనా?" అని కసిరాడు. నేను కొన్నాళ్ళు అతనితో పెదవులు కనబడకుండా పక్కకు తిరిగి, లోగొంతుకతో మాట్లాడాను. అన్నానికి పిలిస్తే రాలేదు. మందు వేసుకున్నావా అంటే ఓటు అనుకొని, "ఇంకా టైముంది, ఎలక్షన్ అయినంకనే" అన్నాడు. ఆ రెండు సంగతులూ అతని ముందు పెట్టాక మరి వాదించలేదు.

బర్కత్‌పురలో చెవి పరీక్ష చేసే అమ్మాయి చిన్నది. ఓపికగా అతని చెవులకు తొడుగు పెట్టి అద్దాల గదిలో కూర్చోబెట్టింది. శబ్దం వినబడినప్పుడు చేయి ఎత్తాలి. మొదట గబగబా ఎత్తాడు. తర్వాత చాలాసేపు అతని చేయి మోకాలి మీదే ఉండిపోయింది. అద్దంలో నుంచి చూస్తున్న నాకు లోపల శబ్దం వస్తోందని తెలుసు, అతనికి తెలియదు.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి కాగితం మీద ఏటవాలుగా దిగజారిన గీతను చూపించింది. "మంద్రంగా ఉండే శబ్దాలు బాగానే ఉన్నాయి సార్. మగవాళ్ళ గొంతు, బండి చప్పుడు, అవన్నీ వినిపిస్తాయి. సన్నటివి పోయాయి. ఆడవాళ్ళ గొంతులు, చిన్నపిల్లల మాటలు, పక్షులు. వెనక కూలర్ లాంటి చప్పుడు ఉంటే మరీ."

అతడు నా వైపు తిరిగాడు. "ఏమంటుంది?"

"నేను చెప్పను" అన్నాను. "ఆమెనే మళ్ళీ చెప్పమని అడుగు."

అతడు అడిగాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కొని, అతనికి ఎదురుగా కూర్చొని, నెమ్మదిగా తిరిగి చెప్పింది. ఈసారి అతని ముఖం మారింది. ఆటోలో ఇంటికి బయలుదేరాం. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ పడ్డప్పుడు అన్నాడు:

"అక్కా, ఇన్నేండ్లు అనిత మీటింగుల కూసొని ఏమేం చెప్పిందో, అదంత నాకు రాలేదన్నట్టు."

"రాలేదు. జైపాల్ పంపినంతే వచ్చింది."

"ఆమె ఒక్కసారన్న గట్టిగ అనకపోయె."

"నీవు ఒక్కసారైనా ఆమెను మళ్ళీ చెప్పమనలేదు."

అతడు కళ్ళు మూసుకున్నాడు. "ఇగ నుంచి ఆమె సీదా నాతోనే మాట్లాడాలె. బిల్డింగు మీద సంతకం చేసేముందల ఆమెది మొత్తం ఇంట" అన్నాడు. నా తమ్ముడు మాట తప్పేవాడు కాడు. ఆ సాయంత్రం నేను సంతోషించాను. దోషం చెవిలో ఉంది, చెవికి యంత్రం ఉంది, న్యాయానికి దారి దొరికిందనుకున్నాను.

శనివారం అనితను ఇంటికి పిలిపించి సంగతి చెప్పాను. ఆమె బాగ్ లింగంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకొని తండ్రి మాసయ్యతో ఉండేది. ఆయన పాలమూరు నుంచి వలస వచ్చిన మనిషి. జీవితమంతా ఈ నగరపు భవనాలకు సెంట్రింగ్ పని చేసి నడుము పోగొట్టుకున్నాడు.

"రేపు నీవే మాట్లాడు. కూలర్ కట్టేయిస్తాను" అన్నాను.

"గొంతు పెంచాల్నా మేడం?"

"అక్కర్లేదు. చెవికి యంత్రం పెట్టుకున్నాడు, ఇప్పుడు వినిపిస్తుంది."

"సరే మేడం" అంది. నేనే అడిగాను: "నిన్ను ఇద్దరు ముగ్గురు వేరే సెంటర్లకు పిలిచారని విన్నాను. ఇక్కడ ఎందుకున్నావు?"

"సార్ నన్ను ఊరికె చదివించిండు మేడం. మా నాయిన అప్పుడు మీ సెంటర్ పక్క బిల్డింగుల పనిజేస్తుండె. నేను డిగ్రీ ఒడగొట్టి ఆయనకు సద్ది తెచ్చి, ఆ స్లాబ్ మీద కూసొని సార్ పాఠం ఇంటుంటి. గోడ అవతలికెళ్ళి గూడ సాఫ్‌గ ఇనవడేది. ఒకనాడు సార్ కిటికిలకెళ్ళి చూసి, ఏం పిల్లా, ఆడ ఎండల కూసుంటవా, లోపటికి రా, అన్నడు. ఫీజు అడగలే. హాస్టల్ల మంచం ఇప్పిచ్చిండు. బ్యాచ్ మొత్తం అయ్యేదాక నన్ను ఒక్కమాట అడగలే. అది నా మీదున్నది. అది తీరకుంట ఏడికి పోవాలె?"

ఆ రోజు కిటికీలో నుంచి ఆమెను చూసినవాడు, ఇవాళ ఒకే గదిలో ఆమెను చూడని వాడు, ఒక్కడే. ఈ రెండింటినీ ఒకే మనిషిలో పెట్టుకొని ఎట్లా తూచాలో నాకు తెలియలేదు.

ఆదివారం వచ్చింది. నేను చెప్పినట్టే కురుమమ్మ కూలర్ కట్టేసింది. ఉక్కపోతకు అందరూ పేపర్లతో విసురుకుంటున్నారు. రాఘవ చెవి వెనక ఆ చిన్న యంత్రం ఉంది. జైపాల్ దాన్ని చూసి, "అన్నా, బ్లూటూత్ పెట్టినవా ఏంది? మస్తున్నది" అన్నాడు. రాఘవ నవ్వి, "ఇయ్యాల అనిత చెప్తది. ఎవ్వరు మధ్యల మాట్లాడొద్దు" అన్నాడు.

అనిత లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. మానేసి పోయిన పిల్లల సంగతి చెప్పింది, వాళ్ళు ఎందుకు పోయారో చెప్పింది. జవాబులు దిద్దడానికి మునుపటి పిల్లలనే కూర్చోబెడదామంది. పాత చోటే ఉంచి, పైన ఒక గది తీసుకుంటే చాలంది. చివరికి కొంచెం ఆగి, "ఇంకోటున్నది సార్. గా బిల్డింగు కిరాయి మాట్లాడేటప్పుడు జైపాల్ సార్ తన పేరు మీద కూడ ఎదురుంగున్న బిల్డింగుల ఒక ఫ్లోర్ అడిగిండని ఆ ఓనరే నాకు చెప్పిండు" అంది.

గదిలో పేపర్లు విసరడం ఆగింది. రాఘవ ఆమెను చూస్తున్నాడు. ఆమె మాట్లాడినంతసేపూ అతని తల కదులుతూనే ఉంది. అర్థమైనప్పుడు మనిషి ఊపే ఊపు అది, నేను బడిలో వేలసార్లు చూశాను. ఆమె కూర్చుంది.

రాఘవ మెల్లగా కుడివైపు తిరిగాడు.

"ఏమంటుంది జైపాల్?"

నేను అడిగాను: "వినిపించలేదా రాఘవా?"

"వినిపించింది."

"ఎంతవరకు?"

"అంతా వినిపించిందక్కా." తన చేతులను చూసుకున్నాడు.

జైపాల్ ముందు తేరుకున్నాడు. "ఏం లేదన్నా. కొత్తచోటు కదా, పరేషాన్ అయితుంది. ఫ్లోర్ సంగతా, అది మన స్టాఫ్ హాస్టల్ కోసం అడిగిన, నీకు చెప్దామనే ఉన్న. ఎవరో ఏదో చెప్తె గిట్ల నలుగురిల పెడ్తరా అనితా? నన్నడగకపోతివా?" అతని గొంతు గదంతా పరుచుకుంది. దానికింద మిగతావాళ్ళు ఊపిరి తీసుకున్నారు. ఎవరో కూలర్ వేయమన్నారు. కురుమమ్మ వేసింది.

మధ్యాహ్నానికి నిర్ణయం అయిపోయింది. ఒప్పందం మీద నేను సంతకం చేయలేదు. నా సంతకం లేకపోయినా చెల్లేటంత వాటా అతనిది. కొత్త భవనంలో జైపాల్ అకడమిక్ హెడ్ అయ్యాడు. ఎకానమీ క్లాసు అతని మనిషి ఒకరికి వెళ్ళింది. అనితను కింద అంతస్తులో, వచ్చినవాళ్ళకు ఫీజు వివరాలు చెప్పే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆ రాత్రి కాదు, మరునాడు పొద్దున చాయ్ దగ్గర నేను అతణ్ణి నిలదీశాను.

"అంతా విన్నావు. విన్న తర్వాత అతణ్ణి ఎందుకు అడిగావు?"

"అలవాటక్కా."

"అలవాటు ప్రశ్నకు సరిపోతుంది. నిర్ణయానికి సరిపోదు."

అతడు చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "నిజం చెప్పాల్నంటే, ఆమె చెప్తుంటె ప్రతి మాట కరెక్టే అనిపిచ్చింది. అయినా ఇంకెవరన్న ఒకసారి చెప్పాలె అనిపిచ్చింది. జైపాల్ నోట్లకెళ్ళి వస్తె అది గట్టిగున్నట్టుంటది. ఆమె నోట్లకెళ్ళి వస్తె ఇంకా పచ్చిగున్నట్టుంటది. ఎందుకో నాకు తెల్వది. ఇది తప్పని తెల్సు. తెల్సినా గట్లనే అనిపిస్తది."

నేను నా జీవితమంతా ఆడపిల్లలకు బోధించిన సూత్రం ఒకటే: మనిషి తన తప్పును చూడగలిగితే దిద్దుకుంటాడు. నా తమ్ముడు ఎదురుగా కూర్చొని తన తప్పును నాకంటే స్పష్టంగా చూపించాడు. చూపించి, చాయ్ తాగి, నారాయణగూడ ఒప్పందానికి అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్ళాడు. ఆ రోజు నుంచి నాకు ఆ సూత్రం మీద నమ్మకం లేదు.

మిగిలినది అనిత చెప్పిన క్రమంలోనే జరిగింది. మే నెలలో కొత్త భవనానికి రిబ్బను కట్టి కత్తిరించారు. డెమో క్లాసులకు హాళ్ళు నిండాయి; తెరలు మెరిశాయి; జైపాల్ గొంతు వీధిలోకి వినిపించింది. మొదటి వాన పడిన వారంలో పరీక్ష వాయిదా అన్న వార్త ఫోన్లలో తిరిగింది. సాయంత్రానికి అశోక్‌నగర్ సందుల్లో ట్రంకుపెట్టెలు, పరుపు చుట్టలు కనిపించాయి. పిల్లలు బస్సులెక్కి ఊళ్ళకు పోయారు. ఉన్నవాళ్ళు నారాయణగూడ దాకా నడవడం మానేశారు. జైపాల్ ఇద్దరు ముగ్గురు అధ్యాపకులను వెంటబెట్టుకొని, ఎదురుగా ఉన్న ఫ్లోర్‌లోకి మారి తన బోర్డు పెట్టాడు. ఫ్లైఓవర్ మీద నుంచి పోయేవాళ్ళకు రెండు బోర్డులూ కనిపించేవి. కొన్నాళ్ళకు ఒకటే కనిపించింది. ఫీజు కట్టి మోసపోయామని వచ్చిన పిల్లలకు వెనక్కి ఇచ్చి తీరాలని నేను పట్టుబట్టాను. అందుకోసం మా ఇంటి పై వాటా అమ్మాం.

రాఘవ ముందుగదిలో పేము కుర్చీలో కూర్చొని ఉండేవాడు. ఆదివారాలు వచ్చేవి, ఎవరూ వచ్చేవారు కారు. నేనూ అతనితో అవసరమైన మాటే మాట్లాడేదాన్ని. అతణ్ణి ఓదార్చాలని నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

ఒకనాడు పొద్దున గేటు దగ్గర కొందరు పిల్లలు నిలబడ్డారు. ఊళ్ళకు పోవడానికి ముఖం చెల్లనివాళ్ళు, పోయినా అన్నం పెట్టే దిక్కు లేనివాళ్ళు. పరీక్షకు కొత్త తేదీ వచ్చింది. సగం పాఠం మిగిలిపోయింది. డబ్బు వెనక్కి వద్దు, పాఠం కావాలి అన్నారు. ఆ సాయంత్రమే వాళ్ళ వెంట అనిత వచ్చింది.

"మేడం, మీ కారు షెడ్డు ఖాళీగున్నది కదా" అంది.

మేము కారు ఎప్పుడో అమ్మేశాం. ఆ షెడ్డులో చాపలు పరిచారు. వాన పడితే రేకు మీద చప్పుడుకు పాఠం ఆగేది. పిల్లలు ఇంకా దగ్గరికి జరిగేవారు, ఆమె మళ్ళీ మొదలుపెట్టేది. ఎకానమీ మాత్రమే కాదు, వదిలేసి పోయిన అధ్యాపకుల పాఠాలు కూడా చదువుకొని వచ్చి చెప్పింది. రోజూ జవాబులు రాయించి, రాసినవాళ్ళను ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకొని దిద్దింది. జీతం మాట నేను ఎత్తితే, "వద్దు మేడం" అని అక్కడితో ఆపింది. షెడ్డుకు, ముందుగదికి మధ్య ఒక కిటికీ ఉంది. రాఘవ దాని పక్కకు కుర్చీ జరుపుకున్నాడు. యంత్రం పెట్టుకొని రోజూ విన్నాడు. ఒక్కనాడు కూడా బయటికి రాలేదు.

పరీక్షకు ముందు పాఠం పూర్తయింది. పిల్లలు ఆమె కాళ్ళకు మొక్కబోతే వారించి పంపేసింది. చాపలు చుట్టి గోడకు ఆనించింది. తర్వాత లోపలికి వచ్చి రాఘవ ఎదుట నిలబడింది. ఆమె వెంట మాసయ్య కూడా వచ్చాడు, నడుము పట్టుకొని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఒక బ్యాచ్ నన్ను మీరు ఊరికె చదివిచ్చిండ్రు. ఒక బ్యాచ్ మీ పేరు మీద నేను ఊరికె చెప్పిన" అంది. ఎప్పటి గొంతే. "సరిపాయె కదా."

రాఘవ లేచాడు. లేవడానికి కుర్చీ చేతిని పట్టుకోవలసి వచ్చింది. "అనితా, మళ్ళ మొదలుపెడ్దాం. గీ షెడ్డులకెళ్ళే. ఈసారి హెడ్‌వి నువ్వే. నువ్వేమంటె అదే."

"వద్దు సార్."

"నేనింటున్న ఇప్పుడు. రోజు విన్న."

"తెల్సు సార్. అప్పుడు గూడ విన్నరు."

ఆమె కోపంతో అనలేదు. కోపముండి ఉంటే నేను కొంత ఊరట పడేదాన్ని.

గుమ్మం దగ్గర నుంచి మాసయ్య నెమ్మదిగా అన్నాడు: "సారూ, మేము మేస్త్రి దగ్గర అడ్వాన్సు పట్టుకొని పనికొస్తుంటిమి. పని ఒడిసినంక గూడ, మేస్త్రి నలుగురిల నిలబడి నోటితోని తీరింది అంటేనే మాకు ఇడుదల. అనకుంటె మల్ల ఏడు గూడ ఆని పనికే పోవాలె. కొందరు ఎన్నడు అనకపోయేది. గందుకె బిడ్డెంట వచ్చిన. మీరు జర ఆ మాట అనుండ్రి."

రాఘవ నా వైపు చూశాడు. నేను ఏ సాయమూ చేయలేదు. ఆమె అతనికి బాకీ పడ్డది ఒక్క బ్యాచ్ పాఠం. అతడు ఆమెకు పడ్డ బాకీ ఏ షెడ్డులో, ఎన్ని వానాకాలాలు కూర్చుంటే తీరుతుందో అడగడానికి ఆ గదిలో ఎవరూ లేరు. వాళ్ళు అడగలేదు కూడా. వాళ్ళు అడిగింది ఒక్క మాట.

"తీరింది" అన్నాడు రాఘవ.

మాసయ్య చెవి ఒగ్గి, "ఏమన్నడు బిడ్డా?" అని కూతుర్ని అడిగాడు.

"తీరిందన్నడు నాయినా" అంది అనిత. తండ్రి చేయి తన భుజం మీద వేసుకొని మెట్లు దింపింది.